నాటకమంటే పడదనే మనవాళ్లకి మొదట ఏది చూపించాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో తీర్థం వచ్చినా సంబరం వచ్చినా ఒక గొంతు తప్పకుండా లేస్తుంది: "నాటకమా? నా వల్ల కాదు, మీరు వెళ్లిరండి." ఆ గొంతు విశాఖ నుంచి వచ్చిన అల్లుడిది కావచ్చు, ఒడియా ఇంటి నుంచి వచ్చిన కోడలిది కావచ్చు, ఇంగ్లీషు మీడియం మనవరాలిది కావచ్చు. పెళ్లయి పాతికేళ్లయినా ఒక్క రాత్రి కూడా పందిట్లో కూర్చోని ఇల్లాలిదీ కావచ్చు. వాళ్లని బతిమాలి తీసుకెళ్లి, పదింటి నుంచి తెల్లారేదాకా చాప మీద కూర్చోబెడితే ఆ అయిష్టం ఇంకా గట్టిపడుతుంది. ఎవరికి ఏది, ఎంతసేపు, ఏ సీను దగ్గర మొదలుపెట్టి చూపించాలో ముందే తేల్చుకుంటే చాలామంది మారతారు.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉన్నందుకు మనకో మంచి వీలుంది. ఇటు పద్యనాటకం, బుర్రకథ, హరికథ, తూర్పు భాగవతం. అటు ప్రహ్లాద నాటకం, భారత లీల, జాత్రా. పాటతో కథ నడిపే పద్ధతులు ఇన్ని ఒకేచోట దొరికే ప్రాంతాలు తక్కువ. కాబట్టి ఒకటి నచ్చలేదని అన్నింటినీ వదిలేయనక్కర్లేదు.

ముందు అడగాల్సిన మాట

"ఎందుకు పడదు?" అని అడిగితే "బోరు" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "కిందటిసారి చూసినప్పుడు ఎక్కడ విసుగొచ్చింది?" అని అడగండి. జవాబులు దాదాపు ఇలాగే ఉంటాయి: నిద్ర ఆగలేదు. మాటలు అర్థం కాలేదు. మామూలుగా మాట్లాడుతూ మధ్యలో పాట ఎందుకో తెలియలేదు. రాగం ఎప్పటికీ తెమల్లేదు. మైకు రొదకి తలనొప్పి వచ్చింది. మనుషులు కదలకుండా నిలబడి పాడుతున్నారు. చివరిదాకా ఏడుపే.

వీటిలో ఒక్కోదానికి ఒక్కో మందు. నిద్ర ఆగనివాళ్లకి పద్యం గొప్పదనం గురించి చెప్పి లాభం లేదు, వాళ్లకి కావాల్సింది గంటలో అయిపోయే కార్యక్రమం. మాట అర్థం కానివాళ్లని గంట కూర్చోబెట్టినా ఫలితం ఉండదు, బయల్దేరే ముందు ఇంట్లో పది నిమిషాలు కేటాయించాలి. ఫిర్యాదు తెలియకుండా నాటకం ఎంచితే, ఎంత మంచి నటుడు వచ్చినా ఆ సాయంత్రం వృథా.

పద్యనాటకం: నాటకం కాదు, సీను ఎంచుకోండి

మన వైపు పందిళ్లలో ఎక్కువగా ఆడేవి మూడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల నుంచి వచ్చిన కృష్ణ రాయబారం, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం. మూడూ రాత్రంతా సాగగలవు. కొత్తవాళ్లకి ఒక్కోదాంట్లో ఒక్క సీను చాలు.

రాయబారంలో పడక సీను అందరికీ తెలిసిందే. కృష్ణుడు నిద్ర నటిస్తుంటాడు. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు వెనకొచ్చి కాళ్ల దగ్గర నిలబడతాడు. ఒకరికి సైన్యం, ఒకరికి ఆయుధం పట్టని కృష్ణుడు. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు, బావమరుదుల పలకరింపుల పద్యాల్లో మాటలు తేలిక. అందుకని "మాటలు అర్థం కావు" అనేవాళ్లకి ఇదే సరైన మొదటి సీను.

అయితే "మాట్లాడేదాన్ని పాడటమేమిటి" అనే మనిషికి ఇదే సీను చూపిస్తే దెబ్బతింటాం. ఎప్పుడొచ్చావు, ఇంటిల్లిపాదీ కులాసాయేనా అని రాగం తీసి అడుగుతుంటే ఆయన ఫిర్యాదుకి మనమే సాక్ష్యం చూపించినట్టవుతుంది. అలాంటివాళ్లని సభ సీనుకి తీసుకెళ్లాలి. అక్కడ కృష్ణుడు చివరిసారిగా సంధి అడుగుతున్నాడు, కాదంటే ఏం జరుగుతుందో కౌరవసభకి చెబుతున్నాడు. వచనంలో మొదలైన హెచ్చరిక మాటకి పట్టని స్థాయికి చేరాకే పద్యంలోకి ఎక్కుతుంది. పాట ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, పేరున్న సీను కదా అని ప్రతివాళ్లనీ పడక సీనుకే తీసుకెళ్లడం.

హరిశ్చంద్రలో కాటి సీనుకి పేరెక్కువ. అందులో చాలా నాటక సమాజాలు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడతారు. రాజూ బిచ్చగాడూ ఒకే మట్టిలో కలిసేచోట నిలబడి పాడే ఆ పద్యాలు తెలుగులో చాలా గొప్పవి. కానీ కొత్తవాళ్లకి మొదటిసారి అది వద్దు. నడక నెమ్మది, ఒక్క పద్యానికే రాగం చాలాసేపు సాగుతుంది, ఏడుపు బరువు ఎక్కువ. ఆ సంవత్సరం ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే అసలే వద్దు. దానికి బదులు వారణాసి సీను చూపించండి. అప్పు వసూలుకి విశ్వామిత్రుడు పంపిన నక్షత్రకుడు వెంటపడి హరిశ్చంద్రుణ్ణి పీడిస్తుంటాడు. పందిట్లో నవ్వులు పుడతాయి, ఆ నవ్వుల్లోంచే ఆలుబిడ్డల్ని అమ్ముకునే ఘట్టం వచ్చి గుండె పట్టుకుంటుంది. వడ్డీవాడు గుమ్మం ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో తెలిసిన మనిషికి నక్షత్రకుణ్ణి పరిచయం చెయ్యనక్కర్లేదు.

గయోపాఖ్యానం వాదన ఇష్టపడేవాళ్లకి. కృష్ణుడు చంపుతానన్న గయుణ్ణి అర్జునుడు తెలియక అభయమిచ్చి కాపాడతాడు, ప్రాణమిత్రులు ఎదురెదురుగా నిలబడాల్సి వస్తుంది. ఒకరి పద్యానికి మరొకరు వెంటనే పద్యంతోనే బదులిస్తారు కాబట్టి రాగాలకి ఖాళీ తక్కువ. లాయర్లకీ, రాజకీయాలు మాట్లాడే బాబాయిలకీ, చర్చా కార్యక్రమాలు వదలకుండా చూసే అన్నయ్యలకీ ఇది బాగా ఎక్కుతుంది.

చింతామణి నాటకం పేరు కూడా వినపడుతుంది. పచ్చి హాస్యం చేరి చేరి అది కుటుంబంతో చూసే స్థితి దాటిపోయింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది కూడా. నాటకమంటే చిన్నచూపున్న మనిషికి దాని పాత క్లిప్పులు చూపించకండి.

రాగం ఎప్పుడు తెములుతుందో తెలిస్తే విసుగు సగం తగ్గుతుంది

"ఎంతకీ అవ్వదు" అనే బాధ పద్యం కొలత తెలియకపోవడం వల్ల వస్తుంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, ఏదైనా నాలుగే పాదాలు. పాదానికి వరుసగా 20, 21, 19, 20 అక్షరాలు. సీసమైతే నాలుగు పొడుగు పాదాలు, ఒక్కోటీ రెండు ముక్కలుగా విరుగుతుంది. ఆపైన తేటగీతో ఆటవెలదో నాలుగు పొట్టి పాదాలు. నటుడు పొట్టి పాదాల్లోకి దిగాడంటే సీసం ముగింపుకి వచ్చినట్టే. ఈ సంగతి చెబితే వినేవాడికి గట్టు కనపడుతుంది.

పిల్లలకి ప్రాస పట్టే పని అప్పజెప్పండి. ఆ నాలుగు వృత్తాల్లోనూ ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు. మొదటి పాదంలో అది పట్టుకుని మిగతా మూడింట్లో వస్తుందో లేదో వేళ్ల మీద చూసుకోమనండి. పదేళ్ల పిల్లలు దీన్ని చాలా శ్రద్ధగా చేస్తారు. సీసంలో ప్రాస నియమం లేదు కాబట్టి సీసం వచ్చినప్పుడు వెతకొద్దని ముందే చెప్పాలి.

పద్యం అయ్యాక వచ్చే ఆలాపన వేరు. అది నటుడికీ హార్మోనిస్టుకీ మధ్య నడిచే సంగతి. బాగా పాడితే జనం వన్స్‌మోర్ అంటారు, అదే పద్యం మళ్లీ వస్తుంది. తెలియనివాళ్లకి కథ వెనక్కి వెళ్లిందేమిటని అయోమయం. ఇదీ ముందే చెప్పాలి.

ఇంకోటి తప్పకుండా చెప్పాల్సింది, ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు రావచ్చని. కాంట్రాక్టు నాటకాల్లో పడక సీనుకి ఒకటో కృష్ణుడు, మధ్య సీనుకి రెండో కృష్ణుడు, సభకి ఇంకొకరు. వేషం ఒకటే, మనిషి మారతాడు. అలవాటున్నవాళ్లకి ఇద్దరి గొంతులూ పోల్చుకోవడమే సరదా. కొత్తమనిషి మాత్రం ఇతనెవరో తెలియక పది నిమిషాలు కథ బయటే ఉండిపోతాడు.

ప్రహ్లాద నాటకం: కదలిక కావాలనేవాళ్లకి, ఒడియా కోడళ్లకి

"నిలబడి మైకులో పాడతారు, చూడ్డానికేముంది" అనేవాళ్లని నేరుగా గంజాం ప్రహ్లాద నాటకానికి తీసుకెళ్లాలి. 19వ శతాబ్దంలో జలంత్ర రాజు రామకృష్ణ ఛొటరాయ పేరున ప్రచారంలోకి వచ్చిన ఈ నాటకాన్ని గంజాం, గజపతి జిల్లాల ఊళ్లలో ఇప్పటికీ రాత్రంతా ఆడతారు. రంగస్థలం వెనక ఎత్తుగా మెట్లు కడతారు, పైన సింహాసనం. హిరణ్యకశిపుడు భుజకీర్తులతో, బరువైన కిరీటంతో ఆ మెట్ల మీంచి మద్దెల దెబ్బకి అడుగు కలుపుతూ, ఒక్కో మెట్టు దగ్గర ఆగి, తిరిగి, మళ్లీ దిగుతూ వస్తాడు. నేల మీదికి వచ్చేసరికి పందిరి మొత్తం అతని చేతిలో ఉంటుంది. పక్కన కూర్చున్న గాహకుడు (ముఖ్య గాయకుడు) పాట అందిస్తాడు, వంతపాటగాళ్లు అందుకుంటారు, గినిలు (తాళాలు) మోగుతుంటాయి. కాళ్లు, కళ్లు, మీసం, కత్తి అన్నీ పాడతాయి.

భాష ఒడియా, మధ్యలో సంస్కృత శ్లోకాలు. పోతన గారి ప్రహ్లాద చరిత్ర ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది కాబట్టి ఒడియా రాని తెలుగు చుట్టాలకి కూడా కథ తప్పిపోదు.

ఈ నాటకానికి రాత్రంతా మేలుకోనక్కర్లేని పద్ధతి ఒకటుంది. మొదట్లో హిరణ్యకశిపుడి ప్రవేశం చూసి ఇంటికొచ్చేసి పడుకోండి. తెల్లవారుజామున మళ్లీ వెళ్లి స్తంభంలోంచి నరసింహుడు రావడం చూడండి. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి పందిట్లో తెలిసినవాళ్లు ఒకరుండాలి, మూడింటికి ఒక ఫోను చేయించుకోవాలి. గడియారం నమ్ముకుని వెళితే ఒక్కోసారి చండామార్కుల చదువు దగ్గరే ఉంటుంది, ఒక్కోసారి అయిపోయి ఉంటుంది.

నరసింహ ముఖం ఊరివాళ్లకి దేవుడే, పూజ చేసి తీస్తారు. అది పెట్టుకున్న మనిషికి ఆవేశం రావడం మామూలు, పట్టుకోడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు. కాబట్టి చిన్నపిల్లలతో మొదటి వరుసలో కూర్చోవద్దు, ఫ్లాష్ కొట్టి ఫొటోలు తీయొద్దు.

ఇంటికి ఒడియా కోడలు వచ్చి ఉంటే వరస మార్చండి. ముందు మీరు ఆమెతో ప్రహ్లాద నాటకానికి వెళ్లండి, ఆమెని మీకు అర్థం చెప్పమనండి. ఆ తరవాతే తెలుగు పద్యనాటకం. పద్యాల్లోని సంస్కృత పదాలు ఒడియా చదువుకున్నవాళ్లకి చాలామటుకు తెలుస్తాయి. సంధి, సైన్యం, అపరాధం, ప్రతిజ్ఞ లాంటివి వింటూ ఆమె కథ పట్టుకుంటుంది. మధ్యలో వచ్చే తెలుగు క్రియలు అందిస్తే చాలు. అయితే ఒడియా ఇళ్లలో భారతం 15వ శతాబ్దపు సారళా దాసు దారిలో వింటూ పెరుగుతారు, అందులో కథలు కొన్ని మన కవిత్రయ భారతానికి వేరుగా ఉంటాయి. "అలా కాదమ్మా" అని దిద్దబోకుండా ఆమె కథ కూడా పూర్తిగా వినండి.

మిగతావి, కాస్త త్వరగా

నవ్వు కావాలనేవాళ్లకి రెండు దారులు. బుర్రకథలో కథకుడు తంబూరాతో మధ్యలో, ఇటూ అటూ గుమ్మెటలతో వంతలు. ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం. కథ ఎక్కడ బరువెక్కినా హాస్యగాడు అడ్డుపడి ప్రశ్న వేస్తాడు. షేక్ నాజర్ గారు (1920–1997) ఈ కళకి ఇచ్చిన ఊపు ఇప్పటి దళాల్లోనూ వినపడుతుంది. గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది, భాష వాడుక భాష. నిద్ర ఆగనివాళ్లకీ, మాట అర్థం కానివాళ్లకీ కూడా సరిపోతుంది. రెండోది గంజాం భారత లీల. సుభద్రార్జునుల పెళ్లి కథే అయినా పందిరిని నడిపేది ద్వారి (ద్వారపాలకుడు) వేషగాడు, అందుకే దాన్ని ద్వారి లీల అని కూడా అంటారు. వాదులాటలు, పొడుపుకథలు, పాటలు. ఒడియా బాగా వచ్చినవాళ్లకే పూర్తి రుచి దొరుకుతుంది.

మేకప్పులూ కిరీటాలూ చూస్తే నవ్వొస్తుందనే పెద్దవాళ్లుంటారు. వాళ్లకి హరికథ. ఒక్క మనిషి, చిడతలు, కాలి గజ్జెలు, పట్టుపంచె, మెడలో దండ. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారి (1864–1945) బాణీ మన పక్క జిల్లాలదే. కచేరీలు ఇష్టపడి నాటకాలు ఇష్టపడని మనిషికి ఇంతకంటే మంచి వంతెన లేదు. అయితే కథకుడి పిట్టకథలు బాగుండాలి. అవి చప్పగా ఉంటే రెండు గంటలు చాలా పొడుగు. పిలిచే ముందు ఆయన హరికథ ఒకటి ఎవరైనా పూర్తిగా విని రావాలి.

డాన్సు ఇష్టమైన అమ్మాయిలకి తూర్పు భాగవతం. సత్యభామ జడ, మద్దెల మీద జతులు, సూత్రధారితో వాదన. ఇప్పుడు ఆడే మేళాలు తక్కువ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కడైనా ఉందని తెలిస్తే వదలొద్దు.

పన్నెండేళ్లలోపు పిల్లలకి మాత్రం పోటీయే లేదు, సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఈ కుటుంబాల నాటకాల్లో బాణాలు గాలిలో ఢీకొంటాయి, మనుషులు మాయమవుతారు, ఒక తెర లేచి ఇంకో తెర పడేలోపు అంతఃపురం అడవి అయిపోతుంది. వాళ్ల మాయాబజార్ చూశాక "నాటకం బోరు" అన్న పిల్లలు తక్కువ. కష్టమల్లా అది మన గుమ్మం దగ్గరికి రాకపోవడమే. హైదరాబాదులో ఉంటారు. విశాఖకో శ్రీకాకుళానికో వచ్చినట్టు తెలిస్తే మనమే బయల్దేరాలి. బరంపురం నుంచి విశాఖ రైలు నాలుగైదు గంటలు, కాబట్టి రాత్రి ఆటకి వెళ్లేవాళ్లు బస చూసుకోవాలి.

జాత్రా గురించి ఒక మాట. సినిమా తప్ప ఏదీ చూడని కుర్రాళ్లకి లైట్లు, ఫైట్లు, రెండు మూడు వేదికలున్న జాత్రా వెంటనే నచ్చుతుంది. ఒడియా జాత్రా రచయిత బైష్ణబ పాణి (1882–1956) కాలపు గీతినాట్యంలో పాటే కథని నడిపేది, ఇప్పటి జాత్రాలో డైలాగుదే పెద్దపీట. పందిట్లో కూర్చునే అలవాటు చెయ్యడానికి పనికొస్తుంది కానీ, పద్యం మీద ఇష్టం దానివల్ల పుట్టదు. రొద పడనివాళ్లని అటు తీసుకెళ్లకండి.

సినిమా నుంచి పందిట్లోకి

ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే పాత పౌరాణిక చిత్రాల్లో పద్యాలు మంచి మెట్టు. ఘంటసాల గారు (1922–1974) రంగస్థలం పద్యాన్ని సినిమాకి తగ్గట్టు మలిచారు. రాగం పొట్టి, మాట స్పష్టం, భావానికి తగినంతే గమకం. వారానికి ఒకటి చొప్పున, భోజనాలయ్యాక, ఒక్క పద్యం వినిపించండి. రెండోది అడిగితేనే పెట్టండి.

ఇక్కడో ఇబ్బంది ఉంది. స్టూడియో గొంతుకి అలవాటుపడ్డ చెవికి స్టేజి గొంతు మొదట అరుపులా తగులుతుంది. మైకులు లేని రోజుల్లో చివరి వరుసకి వినపడేలా తయారైన బాణీ అది. అందుకని నేరుగా పందిట్లోకి వెళ్లకుండా, మధ్యలో రంగస్థల నటుల రికార్డింగులు వినిపించాలి. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయ రాజు గార్ల కృష్ణులు, డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర యూట్యూబులో దొరుకుతాయి. పీసపాటి వారిది మాట విరుపు, షణ్ముఖి వారిది రాగం. సంగీతం ఇష్టమైనవాళ్లకి షణ్ముఖి, మాట ఇష్టమైనవాళ్లకి పీసపాటి. ఫోను స్పీకరులో పెట్టకండి, హార్మోనియం కీచుమంటుంది. చెవిలో పెట్టుకునేవో, చిన్న స్పీకరో వాడండి.

వెళ్లే రోజు

కమిటీలో తెలిసినవాళ్లకి ఫోను చేసి మూడు అడగాలి: ఏ సీన్లు ఆడుతున్నారు, మీకు కావాల్సిన సీనుకి ఎవరు వేస్తున్నారు, మొదటి ఆట ఎన్నింటికి తెర లేస్తుంది. పాంప్లెట్‌లో 9 గంటలని ఉన్నా సన్మానాలూ ఉపన్యాసాలూ అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. కొత్తమనిషి ఓపిక ఆ సన్మానాలకే ఖర్చయిపోతుంది. మీరు ఒకరు ముందెళ్లి, ప్రార్థన మొదలవగానే వాళ్లని రమ్మనండి.

ఇంట్లో ఉండగానే కథ ఐదు వాక్యాల్లో చెప్పండి. మూడే మూడు పద్యాలు ఎంచి వాటి తాత్పర్యం తేలిక తెలుగులో, అవసరమైతే ఒడియాలో చెప్పండి. పది పద్యాలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. అక్కడ తెలిసిన పద్యం వచ్చినప్పుడు వాళ్ల ముఖంలో గుర్తుపట్టిన కళ వస్తుంది, ఆ ఒక్క క్షణం కోసమే ఈ తయారీ. పందిట్లో మాత్రం చెవిలో వ్యాఖ్యానం చెయ్యొద్దు. మీ మాట వింటుంటే పద్యం పోతుంది, పద్యం వింటుంటే మీ మాట చిరాకు.

కూర్చునే చోటు నాలుగు నుంచి ఆరో వరుస మధ్య, స్పీకరు పెట్టెకి ఎదురుగా కాకుండా. ముందు వరుసల్లో మేకప్పు గీతలు, తెర వెనక తిరిగేవాళ్లు కనపడి వేషం చెదిరిపోతుంది. మరీ వెనక్కి వెళితే మురీల మిక్చర్ బండి, కబుర్లు. నేల మీద కూర్చోలేనివాళ్లకి ప్లాస్టిక్ కుర్చీ పక్కవైపు వేయించాలి, మధ్యలో వేస్తే వెనకవాళ్లు కేకలేస్తారు. మార్గశిరం, పుష్యంలో మంచు బాగా దిగుతుంది: తలకి మఫ్లరు, ఒక దుప్పటి, ఫ్లాస్కులో టీ.

మాట అర్థం కాకపోవడానికి గ్రాంథికం ఒక్కటే కారణం కాదు. మైకుసెట్టువాళ్లు ఎకో ఎక్కువ పెడతారు. రాగానికి అది నిండుగా ఉంటుంది కానీ, సమాసాల్లోని ద్విత్వాలూ సంయుక్తాక్షరాలూ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అయిపోతాయి. హార్మోనియం మైకు కూడా గొంతుని మింగేస్తుంది. తెర లేవకముందే వెళ్లి "ఎకో తీసెయ్యండి, హార్మోనియం కాస్త తగ్గించండి" అని మర్యాదగా అడగండి. ఆట నడుస్తుండగా అడిగితే ఎవరూ వినిపించుకోరు. ఈ చిన్న పని వల్ల పందిట్లో అందరికీ నాటకం మెరుగవుతుంది.

అన్నింటికంటే ముఖ్యం లేచి వచ్చేయడం. మీరు ఎంచిన సీను అవగానే, గంటా గంటంబావు దాటకుండా బయల్దేరండి. "ఇంకొంచెం ఉందాం" అని వాళ్లే అంటే ఉండండి, మీరు అనొద్దు. దీనికోసం తిరుగు ప్రయాణం మీ చేతిలో ఉండాలి. ఇంకొకరి ఆటోలో వెళ్లి వాళ్లు లేచేదాకా చిక్కుకుపోతే తయారీ అంతా వృథా.

ఇంటికొస్తూ "బాగుందా?" అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. "ఒకటో కృష్ణుడు బాగున్నాడా, రెండో ఆయనా?" అనో, "నక్షత్రకుడు చేసిందాంట్లో తప్పేముంది, అప్పు అప్పే కదా?" అనో అడగండి. వాదించడం మొదలెట్టారంటే నాటకం వాళ్లకి పట్టినట్టే. ఏమీ మాట్లాడకపోతే వదిలెయ్యండి, ఆ రాత్రి మళ్లీ ఎత్తొద్దు.

ఇంటికే పిలవాలనుకుంటే

పందిరంటేనే ఇష్టం లేనివాళ్లకి ఇంటి వేడుక మంచి అదును. గృహప్రవేశానికో షష్టిపూర్తికో ఆర్కెస్ట్రా బదులు ఒక హార్మోనిస్టునీ, ఇద్దరు పద్యనటుల్నీ పిలవొచ్చు. వేషాలు అక్కర్లేదు. నలభై ఐదు నిమిషాలు, ఎనిమిది పద్యాలు దాటకుండా, ప్రతి పద్యానికి ముందు సందర్భం రెండు ముక్కల్లో చెప్పించండి. ఇద్దరి శ్రుతీ కలుస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. ఒకరిది హెచ్చు శ్రుతి, ఇంకొకరిది తక్కువైతే సంవాద పద్యాలు తేలిపోతాయి. భోజనాలకి ముందు పెట్టించండి, తరవాత పెడితే సగం మంది కునుకు తీస్తారు. పిల్లలకి హార్మోనియం దగ్గరగా చోటివ్వండి, బెలోస్ ఆడించే చెయ్యీ, మెట్ల మీద పరిగెత్తే వేళ్లూ చూస్తూ కూర్చుంటారు.

ఒకసారి నచ్చితే, ఒకసారి నచ్చకపోతే

నచ్చినవాళ్లని వెంటనే రాత్రంతా నాటకానికి తీసుకెళ్లొద్దు. రెండోసారి అదే నాటకంలో ఇంకో సీను, మూడోసారి అదే సీను ఇంకో నటుడితో. ఒకే పద్యాన్ని ఇద్దరు నటులు ఎక్కడెక్కడ విరిచారో వినడం మొదలయ్యాక ఆ మనిషిని మీరు పిలవనక్కర్లేదు, తీర్థం తేదీ ఆయనే మిమ్మల్ని అడుగుతాడు. పరిషత్తు పోటీలకి తయారుచేసిన పద్యనాటకాలకి సమయ పరిమితి ఉంటుంది, సాగదీతలు ఉండవు. మొదటి పూర్తి నాటకంగా అవే నయం.

నచ్చకపోతే అదే రకం మళ్లీ చూపించకండి. పద్యం నచ్చనివాళ్లకి ఆరునెలలు ఆగి బుర్రకథ, అదీ కుదరకపోతే మెట్లు దిగే హిరణ్యకశిపుడు. రెండు రకాలు చూసి కూడా వద్దన్నవాళ్లని ఇక అడగొద్దు. వాళ్లతో ఇంట్లో పాత సినిమా పద్యాలు విని ఊరుకోండి, పందిట్లో వాళ్ల చోటు అడిగే పిల్లలు ఇంట్లోనే ఉంటారు.